వదిలి పట్టుకునే చెయ్యి

పెళ్ళి సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన రోజు, నా మెట్టెలు నేలమీద టిక్కు టిక్కుమంటుంటే ప్రయోగశాల మొత్తం తలలెత్తి చూసింది. లోపల్లోపల ఎంత సంతోషమో! కావాలనే ఇంకో రెండడుగులు గట్టిగా వేశాను.

"ఆ చప్పుడు ఎన్నాళ్ళుంటుందో నేనూ చూస్తాగా" అన్నారు రుక్సానా మేడం కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "కూర్చో హైమా. చేతులు చూపించు."

చాపాను. గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. అరచేతి మధ్య చందమామ, వేళ్ళకి టోపీలు.

"తొడుగుకి గోరింటాకు అడ్డమా మేడం?"

"తొడుగుకేం అడ్డం లేదు. ఆ చేతిని ఊరికే చూసుకుంటూ కూర్చునే మనిషితోనే నాకు అడ్డం."

మాది విశాఖపట్నం ఓడరేవుకి ఎదురుగా ఉన్న రవాణా ప్రమాదాల పరిశోధన కేంద్రం. రైలు పట్టాలు తప్పినా, పడవ మునిగినా, విమానం రన్‌వే దాటిపోయినా, విరిగిన సామాను చివరికి మా షెడ్డుకే వస్తుంది. యంత్రం ఏం చేసిందో చెప్పే పెట్టెలు చాలా ఉన్నాయి. మనిషి అలా ఎందుకు చేశాడో చెప్పే పెట్టె లేదు. అందుకే మేడం ఒక పొర కనిపెట్టారు. ఉల్లిపొరకన్నా పలచన. దాన్ని రైలింజను హ్యాండిలుకో, ఓడ చక్రానికో అంటిస్తే, పట్టుకున్న చెయ్యి ఎక్కడ నొక్కిందో, ఎప్పుడు వణికిందో, ఎప్పుడు చెమర్చిందో ఆఖరి గంటదంతా దాచుకుంటుంది. ప్రమాదం జరిగాక దాన్ని ఒలిచి తెచ్చి, అందులో ఉన్నది ఒక తొడుగులోకి ఎక్కిస్తాం. తొడుక్కున్నవాళ్ళ చెయ్యి ఆ గంటసేపు పోయినవాళ్ళ చెయ్యి అవుతుంది.

కునుకు పట్టిన చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు. భయపడిన చెయ్యి ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఫణి చెయ్యి ఎలా ఉంటుందో ఈమధ్యే తెలిసింది. వెచ్చగా, కొంచెం గరుగ్గా, పట్టుకుంటే ఇక వదిలే ఉద్దేశం లేనట్టుగా.

ఆ రోజు బల్లమీద ఉన్నది ఒక టగ్గు తాలూకు లివరు. టగ్గు అంటే పెద్ద ఓడల్ని మోకు కట్టి రేవులోకి లాగే చిన్న పడవ. దాన్ని నడిపిన సారంగు మైలపల్లి ఎల్లాజీ. వయసులో ఉన్నప్పుడు తెప్పమీద వెళ్ళి గాలం వేసి పెద్ద సూర చేపల్ని పట్టినవాడు, తర్వాత టగ్గు ఎక్కాడు. ఒక సరుకు ఓడని లాగుతుండగా దాని ఇంజను ఉన్నట్టుండి ఊపందుకుంది. మోకు బిగిసింది. సరిగ్గా అప్పుడు ఎల్లాజీ లివరు వెనక్కి వదిలేశాడు, టగ్గు లాగడం ఆగిపోయింది. ఓడ అడ్డం తిరిగి జెట్టీకి కొట్టుకుంది, టగ్గు బోల్తా పడింది. డెక్కు మీదున్న ఇద్దరు కళాసీలు బతికారు. ఎల్లాజీ బతకలేదు.

టగ్గు కంపెనీ అప్పుడే ఒక మాట అనేసింది, సారంగు భయపడి వదిలేశాడని. మేం తేల్చాల్సింది అదే.

తొడుక్కున్నాను. ముందుగా వెచ్చదనం వచ్చింది. తర్వాత నా చూపుడువేలు దానంతటదే కొంచెం వంగి లివరు కింద కుదురుకుంది, సన్నటి తాడేదో దానిమీదుగా పోతున్నట్టు. చెయ్యి ప్రశాంతంగా ఉంది. పొడిగా ఉంది. లివరు ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంది, ఉయ్యాల ఊపినట్టు. గంట చివర్లో లివరులోంచి సన్నటి వణుకొకటి పాకింది. వెంటనే చెయ్యి వదులైంది. అంతే, అక్కడితో ఆగిపోయింది.

"భయం ఉందా?" మేడం అడిగారు.

"లేదు మేడం. చెమటే లేదు."

"అయితే ఇంకా కష్టం. భయపడ్డ చేతిమీద జాలైనా పడతారు. భయం లేకుండా వదిలేస్తే దాన్ని నిర్లక్ష్యం అంటారు."

నమ్మకం కుదరక మరో రెండుసార్లు తొడుక్కున్నాను, రోజు విడిచి రోజు. ఒకరి రికార్డు మూడుసార్లకు మించి తొడుక్కోకూడదని మా నియమం. మూడుసార్ల వరకు వాళ్ళ అలవాట్లు మన చేతికి అంటుకున్నా, కొన్నాళ్ళకి గోరింటాకులాగే వెలిసిపోతాయి. ఆ పైన వెలవవు. నియమం పుట్టింది మేడం వల్లే. ఎప్పుడో ఒక రైలు డ్రైవరు రికార్డు ఆవిడ లెక్క లేకుండా తొడుక్కున్నారు. ఇప్పటికీ కారులో లెవెల్ క్రాసింగు దగ్గరపడితే ఆవిడ కుడిచెయ్యి పైకి లేచి, లేని హారన్ని వెతుక్కుంటుంది.

* * *

ఫణి ఉద్యోగం విమానాశ్రయం పక్కన వాతావరణ కార్యాలయంలో. సాయంత్రంపూట పెద్ద తెల్లటి బెలూనుకి ఒక పరికరం కట్టి ఆకాశంలోకి వదులుతాడు. పెళ్ళిచూపుల్లో మా పెద్దమ్మ "అబ్బాయి ఏం చేస్తాడూ?" అంటే, "వదిలేస్తానండీ" అన్నాడు. అందరూ కంగారు పడ్డారు. నేనొక్కదాన్నే నవ్వాను. సంబంధం అక్కడే కుదిరిపోయిందని నా అనుమానం.

కొత్త కాపురంలో అన్నీ వింతే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి చేరబడి ఉంటే చూసి నవ్వుకునేదాన్ని. కాఫీ ఫిల్టరు మూత మీద ఫణి రోజూ గరిటెతో కొడతాడు, అలా కొడితే డికాక్షను తొందరగా దిగుతుందట. దిగదు. అయినా కొట్టనిస్తాను.

మూడోసారి తొడుక్కున్న రోజు సాయంత్రం బీచిలో నడుస్తున్నాం. ముంత మసాలా తింటూ ఫణి ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. నా వేళ్ళు విడిపోయాయి. అరటాకు మీద నీళ్ళు జారినట్టు చెయ్యి అతని చేతిలోంచి సడలింది.

"ఉల్లిపాయ వాసనా?" అన్నాడు చెయ్యి తీసేసుకుని.

"ఛ, అదేం కాదు. పని అలవాటు. పోతుందిలే."

మర్నాడు రోడ్డు దాటుతుంటే మళ్ళీ జరిగింది. గుడిలో ప్రదక్షిణ చేస్తుంటే జరిగింది. సినిమా హాల్లో చీకట్లో ఎంతో ఆశగా నేనే అతని చెయ్యి వెతుక్కున్నాను, దొరికీ దొరకగానే నా చెయ్యే వదిలేసింది. ప్రతిసారీ ఫణి మర్యాదగా తన చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. వద్దన్నవాళ్ళని బలవంతపెట్టే మనిషి కాడు. ఆ మర్యాదే నన్ను చంపేసేది.

వారం తిరిగేసరికి రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టాడు, ముసలివాళ్ళని దాటించినట్టు.

"ఏంటిది? నేనేమైనా మీ నాయనమ్మనా?"

"ఆవిడైతే చెయ్యి ఇస్తుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నవ్వు కళ్ళదాకా రాలేదు.

పక్కనే ఉన్న మనిషిమీద బెంగ పెట్టుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. అతను వంటింట్లో ఫిల్టరు మీద టకటకా కొడుతున్నాడు, ఇటు నేను అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూస్తున్నాను. గోరింటాకు చందమామ అంచుల్లో అరిగిపోతోంది. ఈ అలవాటు కూడా దానితోపాటే పోతుందని రోజూ చందమామని చూసుకునేదాన్ని.

* * *

విచారణలో పోయినవాళ్ళ ఇంటివాళ్ళని కూడా పిలుస్తాం. ముందు రోజు సరిగ్గా నిద్రపోయాడా, ఒంట్లో బాగుందా అని అడుగుతాం. ఎల్లాజీ భార్య నూకాలు వచ్చింది. చేపల బుట్ట బయటే పెట్టి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని కూర్చుంది.

"బాగానే తొంగున్నాడమ్మా. సద్దన్నం తిని, కూన్రాగం తీసుకుంటూ ఎల్లాడు" అంది. అన్నిటికీ జవాబులు చెప్పింది. లేచేముందు తనే ఒకటి అడిగింది.

"అమ్మా, నాను సదువుకోనేదు. ఒక్క మాట సెప్పు సాలు. బజార్లో కూకుంటే ఎనకాల అంతన్నారు, సెయ్యొగ్గీసినోడి పెళ్ళామని. ఆడు నిజంగా ఒగ్గీసేడా?"

మేడం కాగితాలు సర్దుకున్నారు. "ఇంకా తేలలేదమ్మా."

తేలిందని, రిపోర్టు చిత్తు ప్రతిలో 'ఆదేశం లేకుండా, కారణం లేకుండా' అని రాసి ఉందని మా ఇద్దరికీ తెలుసు. నాకు ఆవిడ కళ్ళల్లోకి చూడ్డం చేతకాలేదు. గుమ్మందాకా సాగనంపడానికి వెళ్ళాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

అలవాటు ప్రకారం నా వేళ్ళు సడలిపోయాయి.

ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఉలిక్కిపడింది, కానీ తీసుకోలేదు. ఊపిరి బిగబట్టి అలాగే నిలబడింది, పొయ్యిమీద పాలు పొంగేదాకా చూసేవాళ్ళలా. అప్పుడు నా చెయ్యి కదిలింది. ముందు చూపుడువేలు వంగింది. తర్వాత మిగిలినవన్నీ ఒక్కసారిగా ముడుచుకుని ఆవిడ చేతిని పట్టేశాయి. ఎంత గట్టిగా పట్టాయంటే నా గాజొకటి చిట్లింది.

"ఓలమ్మ!" అంది నూకాలు నెమ్మదిగా. "ఇది మా ఆడి సెయ్యి."

చెయ్యి వదలకుండానే చెప్పింది.

"గాలమేసినోడికి అంతేనమ్మా. పెద్ద సూర తగిల్నాక గబుక్కున లాగితే తాడు తెగిపోద్ది, నేకపోతే యేలు తెగిపోద్ది. ముందు ఒగ్గాల. అది కాసింత దూరమెల్లాక అప్పుడు పట్టాల. ఆడికి ఏది పట్టుకున్నా అదే అలవాటు. పెళ్ళైన కొత్తలో నా సెయ్యట్టుకుని ఒగ్గీసేవోడు. నానంటే ఇష్టం నేదని ఏడ్సీదాన్ని. మాయత్త సెప్పింది, ఓసి పిచ్చిదానా, నువ్వు లాక్కోకే, ఉండు, అని." ముక్కు చీదుకుంది. "ఉన్నాను. అంతే."

* * *

"జల్లెడ తీసేయండి మేడం" అన్నాను లోపలికి పరిగెత్తుకొచ్చి.

మేడం తలెత్తలేదు. "ఏ జల్లెడ?"

"మీరు పెట్టిందే. పొరకి నీళ్ళు తగిలాక వచ్చేదంతా రొద అని ఏరిపారేస్తుందే, అది. గంటలో మోకు బిగిసిన ప్రతిసారీ ఆయన వదిలాడు, మళ్ళీ పట్టాడు. లివరు ఉయ్యాలలా ఆడింది అందుకే. చివరిసారి వదలడం ఒక్కటే ఉంది మన దగ్గర. పట్టడం ఏమైంది? నీళ్ళల్లో ఉంది. మనమే కోసేశాం."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "అది రొద అని కాదు హైమా నేను కోసింది. నీళ్ళొచ్చాక చెయ్యికి ఏమవుతుందో బతికున్నవాళ్ళు తెలుసుకోకూడదని కోశాను."

"తెరమీద గీతలుగా చూడొచ్చుగా?"

"చూడొచ్చు. గీతల్లో నీటి దెబ్బా ఒకటే, చేతి పట్టూ ఒకటే. తేడా తెలిసేది చేతికే. పోనీ నేను తొడుక్కుందామంటే, నా చేతిలో ఇప్పటికే ఒకాయన ఉన్నాడు. ఇద్దరిని కలిపి చదివితే సాక్ష్యం చెల్లదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నువ్వు తొడుక్కుంటే నీకిది నాలుగోసారి."

తెలుసు. చందమామ వెలిసిపోతుంది, ఇది వెలవదు.

"మీ ఆయన్ని అడుగు" అన్నారు మేడం. "నేనప్పుడు ఎవర్నీ అడగలేదు. అడగడానికి ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది, తర్వాత."

ఫణి బెలూను మైదానంలో ఉన్నాడు. బెలూనులో హైడ్రోజను నిండుతోంది. అంతా చెప్పాను. వింటూనే దారం ముడి వేస్తున్నాడు.

"అడగడానికొచ్చావా, చెప్పడానికొచ్చావా?"

"అడగడానికే."

"నేను వద్దంటే?"

"మానేస్తాను." నిజంగానే మానేసేదాన్ని. నూకాలు ముఖం మాత్రం రోజూ గుర్తొచ్చేది.

"పాణిగ్రహణం అని పంతులుగారు అరిచి చెబితే నేను పట్టుకున్నది నీ చెయ్యి. ఇకమీదట అందులో ఎవరో సారంగు ఉంటాడంటావు. నేను పట్టుకున్నప్పుడల్లా వదిలేస్తుందంటావు."

"వదిలేసి పట్టుకుంటుంది. అదే చెబుతున్నా."

"నేనెప్పుడూ చూడలేదు."

"నువ్వు ఉండలేదు ఫణీ."

ఆ మాట గట్టిగా తగిలినట్టుంది. బెలూనుకేసి చూశాడు. గాలికి అది చేతుల్లోంచి పోదామని గింజుకుంటోంది.

"రోజూ వదులుతాను దీన్ని" అన్నాడు. "ఒక్కటి కూడా మళ్ళీ నా దగ్గరికి రాలేదు. వదిలింది తిరిగొస్తుందని నమ్మడం నాకు అలవాటు లేదు హైమా." తర్వాత దారం వదిలేశాడు. బెలూను కొబ్బరిచెట్ల మీదుగా లేచి, తెల్లటి చుక్కయి, ఇక కనబడలేదు. "వెళ్ళు. ఆవిడ బజార్లో తలెత్తుకుని కూర్చోవాలిగా."

* * *

తొడుగు వేసుకున్నాను. వెచ్చదనం. వేలు వంగడం. ఉయ్యాల. సన్నటి వణుకు. ఈసారి దాన్ని పోల్చుకున్నాను. అది మోకు తెగబోయే ముందు వచ్చే వణుకు. బిగిసిన మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, దాని పక్కన నిలబడ్డవాళ్ళు రెండు ముక్కలవుతారు. డెక్కు మీద దాని పక్కనే ఇద్దరు కుర్రాళ్ళున్నారు. "మా అదృష్టం బాగుండి మోకు వదులైంది, పరిగెత్తాం" అని వాళ్ళు విచారణలో చెప్పిన మాట గుర్తొచ్చింది.

చెయ్యి వదిలింది. ఇక్కడే ఇంతకుముందు ఆగిపోయేది.

ఆగలేదు. ఖాళీ. వాళ్ళిద్దరూ పరిగెత్తేంతసేపు ఖాళీ. తర్వాత నీళ్ళు. మణికట్టు దగ్గర సూదుల్లా చల్లదనం. నేను అరిచానట, నాకు గుర్తులేదు. ఆ చల్లదనం కింద చూపుడువేలు వంగింది. మిగతా వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి లివరుని పట్టుకుని ముందుకి, చివరిదాకా తోసింది. ఓడని మళ్ళీ నిలబెట్టడానికి, జెట్టీ నుంచి లాగడానికి. నీళ్ళు మోచేతిదాకా వచ్చాయి. తోస్తూనే ఉంది. బయటపడే తలుపు ఇంకోవైపు ఉంది, చెయ్యి అటు వెళ్ళలేదు. చల్లబడింది. అయినా తోస్తూనే ఉంది.

ఆ పట్టు సడలలేదు. రికార్డే ముందు అయిపోయింది.

తొడుగు తీసేసరికి మేడం నా రెండో చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఎప్పట్నుంచి పట్టుకున్నారో తెలియదు.

* * *

రిపోర్టులో ఆ వాక్యం మేడమే తిరగరాశారు. మోకు తెగే ప్రమాదం గుర్తించి కళాసీల ప్రాణం కాపాడటానికి సారంగు వదులు ఇచ్చాడని, వాళ్ళు తప్పుకున్నాక మళ్ళీ పూర్తి శక్తితో లాగాడని, చివరిదాకా లివరు విడవలేదని. ఓడ ఇంజను ఎందుకు ఊపందుకుందో తేల్చడం వేరే బల్లమీదికి వెళ్ళింది.

నూకాలుని పిలిచి చదివి వినిపించాను. చివరి మాట దగ్గర "మల్లీ సదువు" అంది. చదివాను. "ఇంకోపాలి." చదివాను.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. నన్ను తీసుకెళ్ళడానికి ఫణి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నూకాలు అతన్ని చూసి కొంగు సర్దుకుంది.

"మీ ఆయనా? బాగున్నాడు. బక్కోడు" అని నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అమ్మా, ఏటనుకోకు. ఒక్కపాలి ఆ సెయ్యి ఇస్తావా?"

ఇచ్చాను. సడలింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ ఖాళీలో ఆవిడ ముఖం చూశాను. ఎదురుచూడ్డంలో ఇంత సుఖం ఉంటుందా అనిపించింది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో, పిలుస్తోందో. గుమ్మంలో ఫణి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఒచ్చీసేడు" అంది. కాసేపుండి తనే నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. "సాలు తల్లీ. ఇంక ఎల్లు, మీ ఆయన సూస్తన్నాడు." బుట్ట నెత్తిన పెట్టుకుని గేటు దాటింది. వెనక్కి తిరగలేదు.

ఫణి స్కూటరు తియ్యలేదు. మా షెడ్డు ముందున్న గోడమీద కూర్చున్నాం. కింద రేవు కాలువలో ఒక టగ్గు ఎర్రటి ఓడని మెల్లగా లాక్కెళుతోంది. నా అరచేతిలో చందమామ దాదాపు పోయింది, నారింజ రంగు మచ్చ మిగిలింది.

ఫణి నా చెయ్యి పట్టుకున్నాడు. మోచెయ్యి కాదు, చెయ్యి.

వేళ్ళు సడలాయి.

అతని చెయ్యి ఒక్క క్షణం కదలబోయింది, అలవాటు కదా. ఆగింది.

"ఎంతసేపు?" అన్నాడు నెమ్మదిగా.

"తెలీదు. ఉండు."

ఉన్నాడు.